పచ్చి... పచ్చి... ఇప్పుడు

లిఫ్టు చప్పుడు చేస్తోందంటే ఏదో చెప్పుకుంటోందని అర్థం. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే చెప్పిన మాట ఇది. "చప్పుడు ఆపడం రిపేరు కాదురా. అదెందుకొస్తోందో కనుక్కోవడం రిపేరు," అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నేను ఎన్ని భవనాల్లో ఎంతమందికి అప్పజెప్పానో లెక్కలేదు. తలుపు కిర్రుమంటోందని వంటనూనె పోసినవాళ్ళనీ, హెచ్చరిక గంట మోగుతోందని దానికి దూది కుక్కినవాళ్ళనీ నిలబెట్టి దులిపేశాను. నా నోటికి జడిసి, నేను వచ్చిన రోజు మెట్లెక్కి పోయే పెద్దమనుషులు కూడా ఉన్నారు. చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు.

మా ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. రోజుకి నూట యాభై చొక్కాలు. మూడేళ్ళ కిందట ఒకరోజు ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంచేసి పక్కనున్నామెతో మాట్లాడుతూ ఉండిపోయిందట. గుడ్డ కమిలిన కంపు హాలంతా కొట్టింది. వెనకవైపు మూటలు కట్టేవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేసి ఉన్న మనిషికి మాత్రం తెలియలేదు.

"జలుబు చేసినట్టుందండీ, వాసనే తెలియడం లేదు," అంది ఆ సాయంత్రం ఇంటికొచ్చి.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో నిలబడేవాళ్ళకి జలుబు కాక ఇంకేం చేస్తుంది అనుకున్నాను. ఆవిరి పట్టమని సలహా కూడా ఇచ్చాను. ఆవిరిలో పనిచేసే మనిషికి! నా తెలివి అలా ఏడిసింది. ఆమెకి ముక్కు కారలేదు, ఒక్క తుమ్మైనా రాలేదు. వాసన మాత్రం తిరిగి రాలేదు.

నెల తిరిగేసరికి మేం దానికో ఏర్పాటు చేసుకున్నాం. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. పాలు విరిగాయా, అన్నం అడుగంటుతోందా, గ్యాసు కట్టేసి ఉందా, ఆరేసిన బట్టలు ముక్కిన వాసన వస్తున్నాయా, అన్నిటికీ అదే వాసన చూసి తల్లికి చెప్పేది. దానికి ముక్కు అని పేరు పెట్టింది నేనే. "ముక్కూ, ఇలా రా తల్లీ," "ముక్కుగారు ఇంకా నిద్ర లేవలేదా?" అని రోజంతా ఏడిపించేవాణ్ణి. అలిగితే, "మా ముక్కుకి ముక్కు మీదే ఉంటుంది కోపం," అనేవాణ్ణి. అది పైకి మూతి ముడుచుకునేది కానీ లోపల మురిసిపోయేది. స్కూల్లో స్నేహితురాళ్ళకి కూడా చెప్పుకుందట, మా అమ్మకి ముక్కు నేనేనని.

లాండ్రీ బుధవారాలు ఒక గంట ముందు మూసేవాళ్ళు. ఆ రోజు మా ఆవిడ వస్తూ వస్తూ చికెను తెచ్చి, వెన్నా వెల్లుల్లీ వేసి వండేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పిన అరగంటకల్లా పళ్ళేల్లో ఉండేది. వారం మధ్యలో అంతకంటే పెద్ద వంట చేసే ఓపిక ఎవరికీ ఉండదు. మాకు అంతకంటే పెద్ద వంట అక్కర్లేదు కూడా.

ముక్కలు తడి లేకుండా గుడ్డతో ఒత్తి తుడిచి, ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, వేడెక్కిన పెనం మీద పరిచేది. ఒకవైపు ఆరు నిమిషాలు, రెండోవైపు ఐదు. వాటికి గడియారం చాలు, ముక్కుతో పనిలేదు. తర్వాత ముక్కలు పళ్ళెంలోకి తీసేసి, మంట తగ్గించి, వెన్న వేసి, చితక్కొట్టి తరిగిన పన్నెండు వెల్లుల్లి రెబ్బలు వేసేది. అసలు గండం అక్కడ ఉంది. వెన్నలో వెల్లుల్లికి మొదట పచ్చివాసన ఉంటుంది. అది పోయి కమ్మటి వాసన వస్తుంది. ఆ కమ్మదనం పట్టుమని పావు నిమిషం ఉండదు, తర్వాత చేదెక్కిపోతుంది. రంగు చూసి దించుదామంటే రంగు తేలేసరికే ఆలస్యమైపోతుంది. అందుకని మా అమ్మాయి పొయ్యి పక్కన గట్టు అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, రేడియోలో ఆట చెప్పేవాడిలా చెబుతుండేది.

"పచ్చి... పచ్చి... పచ్చి... ఇప్పుడు!"

ఆ చివరి మాట పూర్తి కాకముందే మా ఆవిడ నిమ్మకాయ పిండి, ముక్కలు మళ్ళీ పెనంలోకి తోసేసేది. ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. మా వంటిల్లు ఎంతంటే ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. నేను గుమ్మం దాకా కూడా వెళ్ళేవాణ్ణి కాదు. ముందు గదిలో కుర్చీలో కాళ్ళు బారచాపుకుని, "మా ఇంట్లో ముక్కొక చోట, నోరొక చోట!" అని కేకేసేవాణ్ణి. నోరంటే నేనే. రెండేళ్ళలో ఒక్క బుధవారం కూడా వెల్లుల్లి మాడలేదు.

చప్పుడు ఆగిపోయింది. ఎందుకొస్తోందో ఎవరూ చూడలేదు.

రెండేళ్ళు దాటాక తలనొప్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత చొక్కాలు తిరగేసి మడతపెట్టడం. ఒకరోజు రోజూ దిగే చోట బస్సు దిగకుండా చివరిదాకా వెళ్ళి కూర్చుంది. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. స్కాన్లూ అవీ అయ్యాక పెద్ద డాక్టరు మా ముగ్గుర్నీ గదిలోకి పిలిచాడు. మా అమ్మాయి స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గోడపక్క బల్ల మీద కూర్చుంది.

"ఈవిడకి వాసన తెలియకుండా పోయి ఎంతకాలమైంది?" అని అడిగాడు.

"రెండేళ్ళు దాటిందండీ," అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? "దాంతో ఇబ్బందేం లేదండీ, అదంతా మా అమ్మాయి చూసుకుంటుంది," అని గొప్పగా కూడా చెప్పాను.

ఆయన రాస్తున్నవాడల్లా ఆగాడు. నా వైపు కాదు, పిల్ల వైపు చూశాడు. ముక్కుకి పైన, నుదుటి వెనక గడ్డ ఉందన్నాడు. నిమ్మకాయంత ఉందన్నాడు. "మొదటి గుర్తు అదేనండీ, వాసన పోవడం. అప్పుడే వచ్చి ఉంటే చాలా చిన్నగా ఉండేది," అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజు లేదు. అంతకంటే వివరంగా నేను చెప్పలేను.

ఇది జరిగి ఏడు నెలలు. మొదటి నెల ఎలా గడిచిందో నాకూ తెలియదు, దానికీ తెలియదు. బ్రెడ్డూ గుడ్లూ తింటూ బతికాం. ఆ తర్వాత ఒకరోజు మా అమ్మాయి చేతిలో చెంచా కింద పెట్టి, "నాన్నా, నాకు వాసన తెలియడం లేదు," అంది.

ఈసారి ఒక్కరోజు ఆగలేదు, తెల్లారగానే ఆస్పత్రిలో ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. స్కాను తీశారు, ఏమీ లేదన్నారు. ఇంకోచోట తీయించాను. అక్కడా ఏమీ లేదన్నారు. తల్లిలో కనిపించిందేదీ పిల్లలో కనిపించలేదు. సంతోషంతో ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కానీ ఇంటికొచ్చాక అదే మాట. ఏం పెట్టినా, "గడ్డి తిన్నట్టుంది నాన్నా," అని రెండు ముద్దలకే లేచిపోయేది. ఏమీ లేదని చెప్పిన స్కాను కడుపు నింపదు కదా. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. స్కూలు స్కర్టు నడుం దగ్గర మడిచి పిన్నీసు పెట్టుకుని వెళ్ళేది. మొదట ఒక పిన్నీసు, తర్వాత రెండు.

పోయిన సోమవారం పిల్లల డాక్టరమ్మ దాని ముందు వరసగా చిన్న చిన్న సీసాలు పెట్టింది. కళ్ళు మూయించి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. కాఫీ పొడి, సబ్బు, నిమ్మతొక్క. అన్నిటికీ లేదనే తల ఊపింది. చివరి సీసాకి కూడా లేదంది. దాన్ని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నాతో మాట్లాడింది.

"చివరి సీసాలో ఉన్నది ఘాటు మందు. ముక్కు అసలు పనిచెయ్యనివాళ్ళకి కూడా ఆ ఘాటుకి కళ్ళు మండుతాయి. మీ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఏమీ లేదంది," అంది.

"అంటే అబద్ధం చెబుతోందా?" అన్నాను.

"అబద్ధమని నేననను. చెప్పలేనిదేదో ఉంది. ఇంట్లో మీరే మెల్లగా కనుక్కోండి. దానికి బాగా తెలిసిన వాసనలతో మొదలుపెట్టండి. శుక్రవారం మళ్ళీ తూకం చూస్తాను. ఇంకో కిలో తగ్గితే మాత్రం ఇక్కడే ఉంచుకుని గొట్టంతో పెట్టాల్సి వస్తుంది. ఇంతకంటే ఆగకూడదు."

మెల్లగా అనే మాటకీ నాకూ చుక్కెదురు. మంగళవారం సాయంత్రం, రాత్రి భోజనం ముందు, ఏం అడగాలో ఎలా అడగాలో తేలక దాని గది గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొచ్చాను. మర్నాడు బుధవారం. దానికి బాగా తెలిసిన వాసన ఇంట్లో ఏదైనా ఉందంటే అదొక్కటే.

బుధవారం గంట ముందే పని దిగి చికెను కొట్టుకి వెళ్ళాను. అది మా ఆవిడ వెళ్ళే కొట్టు, నేను ఎప్పుడూ వెళ్ళింది లేదు. మా ఇంటి సందు పేరు చెప్పి, బుధవారాలు తీసుకెళ్ళే చికెను కావాలన్నాను. కొట్టతను కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇస్త్రీ మేడంగారి ఇంటాయనా? ఈమధ్య కనపడ్డమే మానేశారు, కులాసానా? ఎముక తీసేసి, చర్మం ఉంచి, తొడ ముక్కలు. అవునా?"

అవునన్నాను. ఆయన అడిగినవన్నిటికీ కలిపి ఒకే అవును చెప్పి, పొట్లం తీసుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి వంటింటి గుమ్మం పక్కన మడతబల్ల దగ్గర కూర్చుని పటంలో నదులకి నీలిరంగు వేస్తోంది. పొట్లం చూసింది. వెన్న చూసింది. వెల్లుల్లిపాయలు చూసి తల దించుకుంది.

"ఇవాళ బుధవారం," అన్నాను.

"తెలుసు."

"వంట నేనే చేస్తున్నాను. తినకపోయినా ఫర్వాలేదు, నవ్వుకోవచ్చు," అన్నాను. నవ్వలేదు.

ముక్కల తడి తుడవాలని మర్చిపోయి పెనం మీద వేశాను. టపటపమని నూనె చిట్లి మోచెయ్యి దాకా కాలింది. ముక్కల చర్మం పెనానికి అంటుకుపోయింది. ఎన్ని చోట్ల ఊడిందో లెక్కపెట్టడం అనవసరం. గడియారం చూసుకుంటూ ఒకవైపు ఆరు, రెండోవైపు ఐదు కానిచ్చి పళ్ళెంలోకి తీశాను. వెల్లుల్లి వలుస్తుంటే పొట్టు వేళ్ళకి అంటుకుని వదల్లేదు. ఇరవై రెండేళ్ళు ఇనప తాళ్ళతో పనిచేసిన చేతులు పన్నెండు రెబ్బల దగ్గర ఓడిపోయాయి. ఎలాగో చితక్కొట్టి తరిగి, మంట తగ్గించి, వెన్న కరిగాక వేశాను.

అప్పుడే ఫోను మోగింది. ఆ వారం అత్యవసరం ఫోన్లు నావి. ఏదో భవనం కాపలాదారు కంగారుపడిపోతున్నాడు, లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఒక పెద్దాయన ఉన్నాడు.

"ముందు నువ్వు కంగారుపడకు. తలుపు బలవంతంగా తియ్యొద్దు. ఆయన్ని కింద కూర్చోమను, గాలికేం ఇబ్బంది లేదని చెప్పు. మా మనిషి మీ పక్క వీధిలోనే ఉన్నాడు, పది నిమిషాల్లో వస్తాడు," అని చెప్పి, మా వాడికి ఫోను చేసి పంపించాను.

ఫోను కట్టయింది. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకి తిరుగుతున్నాయి. చెయ్యి చాపితే పెనం అందుతుంది. నేను చాపలేదు. ఫోను చెవికి ఆనించుకునే, పొయ్యికి వీపు పెట్టి నిలబడ్డాను. చెడిపోయినదాన్ని పట్టుకోవాలంటే అది చెడే దాకా ఆగి చూడాలి, అది మా పనిలో పద్ధతి. కన్నకూతురి మీద ఆ పద్ధతి వాడాను. ఆ పని మెల్లగా చెయ్యమని డాక్టరమ్మ చెప్పింది.

దాని వీపు నాకు కనిపిస్తోంది. పెన్సిలు నది మధ్యలో ఆగిపోయింది. కమ్మటి వాసన వచ్చింది, నాకు కూడా తెలిసింది. ఊపిరి బిగబట్టినట్టు దాని భుజాలు పైకి లేచాయి. వాసన చేదెక్కింది. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది, ఒకప్పుడు గట్టు అంచు పట్టుకున్నట్టు. పొగ లేచింది.

"నాన్నా, మాడుతోంది!"

అనేసి చేత్తో నోరు మూసుకుంది.

పెనం దించాను. దించి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "అదీ! వాసన తెలుస్తోందన్నమాట!" అన్నాను, దొంగని పట్టుకున్నవాడిలా. నోరా, వీపుకి దెబ్బలు తేకే అని సామెత. నా నోరు తెచ్చిన దెబ్బలు ఏనాడూ నా వీపు మీద పడలేదు. అది నా వైపు తిరిగిన మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఏమైనా ఇచ్చి ఉండేవాణ్ణి.

"తెలుస్తుంది," అంది. "ఎప్పుడూ తెలుస్తూనే ఉంది. నాకొద్దు."

"ఎందుకమ్మా?"

"నీకు తెలీదా? ఆ డాక్టరు నన్నే చూశాడు." ఏడవడం లేదు. "నేను చెప్పకుండా ఉంటే పాలు విరిగేవి. అన్నం మాడేది. చికెను చేదుగా ఉండేది. అమ్మకి విసుగొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళేది. నేను అన్నీ చెప్పేశాను. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు నాన్నా. నేనే బాగా చేశాను."

పన్నెండు నిండిన పిల్ల ఏడు నెలలుగా దాన్ని మోస్తూ స్కూలుకి వెళ్ళి వస్తోంది. పక్క గదిలో నేను పిన్నీసులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నీ తప్పేం లేదమ్మా అని దగ్గరికి తీసుకోవచ్చు. ఎవరైనా అదే చేస్తారు. కానీ అది కూడా చప్పుడు ఆపడమే అవుతుంది. లోపల విరిగినది విరిగినట్టే ఉంటుంది. నా దగ్గర ఒక మాట ఉంది. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు, తోడబుట్టిన అక్కకీ చెప్పలేదు. చెబితే ఈ పిల్ల నన్ను జన్మలో క్షమించకపోవచ్చు. ఈ లోకంలో నాకు మిగిలింది అదొక్కతే. అయినా దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అమ్మ వెళ్తానంది," అన్నాను.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. వాసన పోయిన రెండో నెలలో. తనే వెళ్ళి చీటీ రాయించుకుని వచ్చింది. బుధవారం సాయంత్రం ఆరున్నరకి. ఆ రోజైతే గంట ముందు పని దిగుతుంది కదా, అందుకని. ఆ చీటీ అదుగో, ఆ ఫ్రిజ్ మీద అంటించింది. నువ్వు అప్పుడు స్కూల్లో ఉన్నావు."

అది ఫ్రిజ్ వైపు చూసింది.

"నేనది చూసి, 'బుధవారమా? మరి చికెనో?' అన్నాను. 'ఒక్క వారమేగా అండీ,' అంది అమ్మ. 'ఇంట్లో మన ముక్కు ఉండగా నీకింకో ముక్కెందుకే?' అన్నాను. ఊరికే, సరదాకి. అమ్మ నవ్వింది. ఆ చీటీ తీసేసి దాని వెనకాల వెన్న, వెల్లుల్లి, నిమ్మకాయలు అని రాసుకుని బజారుకి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ బుధవారం చికెను తిన్నాం. నువ్వు నీకు చెప్పిన పని చేశావు తల్లీ. ఆపింది నేను."

పెనంలో మాడిన వెల్లుల్లి ఇంకా చిటపటమంటోంది. బయట ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు, మళ్ళీ మళ్ళీ తంతున్నారు.

"అమ్మ నిజంగా నవ్విందా?" అంది చివరికి.

"నవ్వింది."

అప్పుడు ఏడ్చింది. నేను చెయ్యి చాపితే తోసేసింది. బల్ల మీద తల పెట్టి, నదులన్నీ తడిసిపోయేదాకా ఏడ్చింది. నేను అక్కడే కూర్చున్నాను. నా జీవితంలో నోరు మూసుకుని కూర్చోవడం అదే మొట్టమొదటిసారి అయ్యుంటుంది.

తల ఎత్తాక నా వైపు చూసింది. వాళ్ళమ్మ ఎప్పుడూ అలా చూసి ఎరగదు. "నీకు ముక్కు ఉంది కదా నాన్నా," అంది. "అన్ని బుధవారాలూ నువ్వు ముందు గదిలోనే ఉన్నావు. నీకూ వాసన వస్తూనే ఉంది. నువ్వెందుకు రాలేదు వంటింట్లోకి?"

సమాధానం నాకు తెలుసు. కుర్చీ సుఖంగా ఉండేది, అంతే.

"ఇంక నన్ను ముక్కూ అని పిలవకు."

"పిలవను."

లేచి మొహం కడుక్కుని వచ్చింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుందనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళింది. మాడిన వెల్లుల్లి చెత్తబుట్టలో వంపేసి, పెనం తోమి, గుడ్డతో తుడిచి పొయ్యి మీద పెట్టింది. వెల్లుల్లిపాయ విడదీసి పన్నెండు రెబ్బలు లెక్కపెట్టి గట్టు మీద పెట్టింది. తర్వాత కుర్చీని వంటింటి వైపు తిప్పుకుని కూర్చుని చేతులు కట్టుకుంది.

"నేను చెప్పను," అంది. "నువ్వే చూసుకో."

ఈసారి రెబ్బల్ని ముందు కత్తి బల్లపరుపుగా పెట్టి నొక్కాను, పొట్టు దానంతటదే వచ్చింది. తరిగాను. వెన్న కరిగింది. వెల్లుల్లి వేసి, గట్టు అంచు పట్టుకుని, పెనం మీదికి వంగి కళ్ళు మూసుకున్నాను. రెండేళ్ళు మా అమ్మాయి నిలబడిన చోటు అది. గట్టు అంచు దగ్గర పెచ్చు ఊడి చేతికి గరుగ్గా తగిలింది, అది అలా ఉందని నాకు తెలియదు.

"పచ్చి," అన్నాను. మళ్ళీ అన్నాను. "పచ్చి... పచ్చి..."

కళ్ళు కొంచెం తెరిచి చూశాను. అదీ కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు కదుపుతోంది, మాట బయటికి రానివ్వడం లేదు. దాని పెదాలు చూసి దించేయొచ్చు. కళ్ళు మళ్ళీ గట్టిగా మూసుకున్నాను.

"ఇప్పుడు," అన్నాను.

నిమ్మకాయ పిండి, చిరిగిపోయిన ముక్కలన్నీ పెనంలోకి తోసి, వెన్న పైకి పట్టేలా కలిపి, రెండు పళ్ళేలలో వేసి బల్ల మీద పెట్టాను. బ్రెడ్డు పెట్టాను. నది పటం తీసి ఆరడానికి కిటికీలో పెట్టాను. టైము ఏడూ ముప్పావు కూడా కాలేదు.

ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నేను నా పళ్ళెం ముట్టుకోకుండా దాని దవడ కదలడమే చూస్తున్నాను. మింగింది. ఇంకో తుంపు తీసుకుంది. గడ్డి అన్న మాట రాలేదు. మొత్తం ముక్క అయిపోయాక బ్రెడ్డుతో పళ్ళెం అడుగు తుడుచుకుంది.

"ముందే దించేశావు," అంది పళ్ళెంలోకి చూస్తూ. "ఇంకా పచ్చివాసన ఉంది."

"నాకు తెలియలేదు."

"అమ్మకి కూడా తెలిసేది కాదు. కానీ అమ్మ అడిగేది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంకో ముక్క వెయ్యనా అని అడగాలి. అడగడానికి పిలవాలి. ముక్కూ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. దానికి వాళ్ళమ్మ ఏరి కోరి పెట్టుకున్న పేరు ఒకటుంది. స్కూలు పుస్తకాల మీదా, ఆస్పత్రి కాగితాల మీదా తప్ప మా ఇంట్లో మూడేళ్ళుగా నేను పలకని పేరు. కొత్తగా నేర్చుకున్నవాడిలా ఆ పేరు పెట్టి పిలిచాను. ఇంకో ముక్క వెయ్యనా అని అడిగాను.

అది నా మొహం చూడలేదు. పళ్ళెం మాత్రం ముందుకు జరిపింది.

క్షమించిందని నేననుకోవడం లేదు. ఆకలేసింది.